మూడేసి ముద్దులు

ఎవరార్డ్‌కి వాంతి వచ్చినంత పనైంది. ఇప్పుడు ముద్దు పెట్టినావిడ పైపెదవికి ఆవపిండి ముద్ద అంటుకుని ఉంది.

కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. పుట్టినరోజు హెండ్రిక్యే ముసలమ్మది. అభినందనలు మాత్రం అందరికీ చెప్పాలి. "మీ అమ్మ పుట్టినరోజు, మీకు అభినందనలు." "మీ అత్తగారిది, మీకు అభినందనలు." చివరికి పక్కింటివాళ్ళకి కూడా. ఒక్కొక్కరికీ మూడేసి ముద్దులు. అన్నీ తడి మూతులు, పొగాకు కంపు. అతను చెంపలు తుడుచుకుని కూలబడ్డాడు.

కేకు మీద మీగడ పులిసింది. అయినా తిన్నాడు.

కాఫీకి వచ్చినవాళ్ళు వంట వేళకి లేచిపోవాలి, సూపుకి ఆగమని ఎవరైనా అంటే తప్ప. ఎవరో ఒకరు అనాలి. భార్య పోయాక ఒక్కడి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదు.

"పెద్దాయనా, ముఖం అలా పెట్టారేం? కేకులో పురుగొచ్చిందా?" అన్నాడు ముసలమ్మ అల్లుడు రూలోఫ్.

"అభినందించడానికి మన డచ్చిలో 'ఫేలిసితేరెన్' అంటామే, అది ఫ్రెంచి మీదుగా లాటిన్ నించి వచ్చింది. నేను లాటిన్ మాస్టారుగా చేశాను, వినండి. అక్కడ 'ఫేలిక్స్' అంటే అదృష్టవంతుడు. అంతకుముందు ఆ మాట పండ్లు కాసే చెట్టుకి వాడేవారు. చెట్టునెవరైనా ఇలా నాకుతారా?" అన్నాడు ఎవరార్డ్.

గదంతా గొల్లున నవ్వింది.

"ఇంత చదువు మా వైపు లేదు. ఈయన మీ వైపే!" అని రూలోఫ్ పెళ్ళాన్ని మోచేత్తో పొడిచాడు.

"చదువు సరే, ఇంత పొగరు మా వాళ్ళకెక్కడిది? అచ్చం మీ వైపే!" అందామె.

వంటింట్లో గిన్నె మూత చప్పుడైంది. ఒక్కొక్కరే కోట్లు వెతుక్కుంటున్నారు. ఎవరార్డ్ కదల్లేదు.

హెండ్రిక్యే వచ్చి, వంగి, తన వంతు మూడు ముద్దులూ పెట్టింది. ఉల్లిపాయ వాసన గుప్పుమంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఎక్కడికి తమ్ముడూ? సూపు తాగి వెళ్దువుగాని. బొత్తిగా చిక్కిపోయావు! వచ్చే ఏడు రాకపోయావో, ఊరుకోను."

ఎవరార్డ్ తలూపాడు.

కిటికీకి వేలాడే రంగుకాగితం జెండాలు చూసి మధ్యాహ్నం ఆ తలుపు గంట కొట్టేదాకా, ఆ ఇంట్లోవాళ్ళను ఒక్కరినైనా అతను జన్మలో చూసి ఎరగడు.