మీటరులో నూట పది

భూమేష్ తన ఫోన్‌ను సర్దార్ బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"గిదేంది కాకా?"

ఫోన్‌లో వీడియో ఆడుతోంది. అతని లారీ మీటరులో ముల్లు నూట పది మీద ఉంది. దాని పక్కన ఆనించిన ఇంకో ఫోన్‌లో మ్యాప్ చూపిస్తున్న వేగం ఎనభై.

సర్దార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చాయ్ తాగుతావా నాయనా?"

"చాయ్ గాదు, జవాబు గావాలె."

సౌదీలోని రాబిగ్‌లో మెకానిక్ షెడ్లన్నీ ఉండే సనాయాలో సర్దార్‌ది చివరి గది. కడప మనిషి. వయసు అరవైకి దగ్గర. లారీ ఇంజిన్లను నడిపించే ఈసీయూ పెట్టెలు బాగుచేస్తాడు. డ్రైవర్లు వాటిని కంప్యూటర్లంటారు. కంపెనీ ఆ కంప్యూటర్‌లో ఎనభై దగ్గర లాక్ వేయిస్తుంది. పెడల్ ఎంత తొక్కినా బండి అంతకు మించి పోదు.

ఆ లాక్‌ను గుట్టుగా తీసేవాడని సర్దార్‌కు పేరు.

"కాకా చెయ్యి పడ్డదంటె బండి ఉరుకుడే. కెమెరాలు గూడ మెరవయి" అని డ్రైవర్లు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నిజంగానే, అతని చెయ్యి పడ్డ బండిని ఒక్క స్పీడ్ కెమెరా కూడా పట్టుకోలేదు.

"ఎందుకు పట్టుకుంటయి?" భూమేష్ గొంతు లేచింది. "బండి ఎనభై దాటితె గదా! నూట పది మీద పోతున్న అనుకుంటున్న. పుచ్చకాయల బండోడు పక్కకెల్లి దాటిపోతు నవ్విండు. గప్పుడు సమజైంది."

సర్దార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"లాక్ తియ్యలె. మీటరు ముల్లు మాత్రం తిప్పినవు. అవునా, కాదా?"

"అవును."

"మా సంధ్యకు వచ్చే నెల కాన్పు. నెలాఖరుకు పద్దెనిమిది ట్రిప్పులు కొడితెనె సెలవిస్తమన్నరు. నిన్ను నమ్ముకుని కూసున్న. నా బిడ్డ మొఖం నేను చూడొద్దా?"

"చూడాలనే నాయనా" అన్నాడు సర్దార్, నెమ్మదిగా.

భూమేష్‌కు ఒళ్ళు మండింది. బల్ల చివర ఒక కాలిపోయిన ఈసీయూ పెట్టె ఉంది. ఎప్పుడొచ్చినా అక్కడే ఉంటుంది. దాన్ని అందుకుని నేలకేసి కొట్టబోయాడు.

సర్దార్ రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అది వద్దు. వేరే ఏదన్నా పగలగొట్టుకో."

"కాలిపోయిన డబ్బా! గిది గూడ బాగుచేస్తవా?"

"చూస్తాండా. కావడం ల్యా."

సాయంత్రానికి ఆ వీడియో డ్రైవర్లందరి ఫోన్లలోకి వెళ్ళింది. మర్నాడు తొమ్మిది మంది షెడ్డు ముందు గుంపుగా నిలబడి కేకలేశారు. ఒక్క బండికి కూడా లాక్ తీయలేదని తేలింది. షెడ్డు యజమాని, సర్దార్‌కు వీసా పూచీ ఉన్న కఫీల్ కూడా అతనే, గోల చూసి భయపడ్డాడు. పోలీసులదాకా పోతే తనకే ముప్పు. సర్దార్‌ను దేశం నుంచి పంపించేసే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు.

సర్దార్ ఆ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

వారం తర్వాత, పద్నాలుగో ట్రిప్పు. ప్లాస్టిక్ గుళికల బస్తాలతో లారీ తాయిఫ్ వైపు పోతోంది. మధ్యాహ్నం గాలి లేచింది. రోడ్డంతా దుమ్ము.

పెడల్ నేలకంటా తొక్కి ఉంది. ముల్లు నూట పది మీద ఉంది.

దుమ్ములోంచి ఒక తెల్ల కారు ఊడిపడ్డట్టు కనిపించింది. టైరు పేలి రోడ్డు మీదే ఆగిపోయింది. దాని వెనక, నడిరోడ్డున, ఒక చిన్న పిల్ల కుంటుతూ చెప్పు కోసం వెతుక్కుంటోంది.

భూమేష్ బ్రేకు మీద నిలబడ్డాడు.

లారీ కీచుమంటూ ఈడ్చుకుపోయి ఆగింది.

బంపరుకూ పిల్లకూ మధ్య రెండు జానలు.

తండ్రి పరిగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. భూమేష్ వైపు ఒకసారి చూసి వెనక్కి నడిచాడు. చెప్పు అక్కడే ఉండిపోయింది.

భూమేష్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ముల్లు సున్నా మీద ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

ఫోన్ మోగింది. సంధ్య.

"టికెట్ అయిందా?"

"ఆలస్యమైతది."

"ఎంత?"

"తెల్వది. కానీ వస్త."

మర్నాడు మధ్యాహ్నం రాబిగ్ చేరగానే సనాయాకు వెళ్ళాడు. చివరి గదిలో హైదరాబాదీ మెకానిక్ ఇష్తియాక్ ఒక్కడే ఉన్నాడు. సర్దార్ కుర్చీ గోడకు తిప్పి ఉంది.

"కాకా?"

"పొద్దున ఫ్లైటెక్కిండు భాయ్. ఇంకేం పగలగొడ్తవ్ వచ్చి?"

భూమేష్ గడపలోనే నిలబడ్డాడు.

"చెయ్యనని ముందే చెప్తె అయిపోవు గద. ఎందుకు ఒప్పుకున్నడు?"

"నేనూ అడిగిన. 'నేను కాదంటే ఇంకో షెడ్డుకు పోతారు, అక్కడ నిజంగానే తీస్తారు' అనేటోడు."

బల్ల చివర దుమ్ములో పెట్టె ఆకారం మాత్రం నలుచదరంగా మిగిలి ఉంది.

"ఆ కాలిన డబ్బా గూడ పట్కపోయిండా?"

"బట్టలు సగం ఇడిశిపెట్టిండు. దాన్ని మాత్రం బ్యాగుల పెట్టుకున్నడు."

"ఎవరిది గది?"

ఇష్తియాక్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"కాకా నిజంగ లాక్ తీసిన ఆఖరి బండిది. గుద్దుకుని రోడ్డు మీదనె కాలిపోయింది" అన్నాడు. "నడిపింది ఆయన కొడుకు అఖీల్."