రక్షకుడి రూలు

శ్యామ్ పోయిన ఏడాదికి, లంజిపల్లిలో మా మేడ మీద మళ్లీ ఆటకి కూర్చున్నాం. తలొక వీరుడి పాత్ర తీసుకుని పాచికలతో యుద్ధం చేసే ఆట అది. ఏ పాత్రకి ఏ రూలో చెప్పేది నేనే. శ్యామ్ ఆడే రక్షకుణ్ణి ఈసారి వాడి చెల్లెలు రామతులసి తీసుకుంది.

రాక్షసుడి గొడ్డలి మంత్రగాడి మీదకి లేచింది.

"నా రక్షకుడు అడ్డెల్లాలా, ఎల్లకపోయినా పరవాలేదా?" అని అడిగింది తులసి.

"పుస్తకంలో 'వెళ్లవచ్చు' అనే ఉంది. నీ ఇష్టం."

"మరి అన్నియ్య పాత్ర రూళ్ల కాగితంలో 'వెళ్లవచ్చు' కొట్టేసి, ఎర్ర సిరాతో 'వెళ్లి తీరాలి' అని రాసుందేటి? ఇది అన్నియ్య రాత కాదు."

నేను కాగితం ముట్టుకోలేదు.

నిరుడు ఆ రూలు మీద నేనూ శ్యామూ గంటసేపు వాదించుకున్నాం. "రక్షకుడికి భయమేస్తేనో?" అన్నాడు శ్యామ్. "భయమేసినా సరే. అడ్డెల్లనోడు రక్షకుడేటిరా?" అని ఎర్ర పెన్ను తీశాను.

మర్నాడు గోపాల్‌పూర్ సముద్రంలో అల నన్ను లోపలికి లాక్కెళ్లినప్పుడు ఒడ్డున వాడొక్కడే ఉన్నాడు. వాడికి ఈత రాదు.