ఓవెన్ అటకెక్కిన రోజు

తోడికోడళ్ళ మధ్య పందెం ఖాయమైంది. పెద్దకోడలు ఓడితే బాణలి అటకెక్కాలి. చిన్నకోడలు ఓడితే ఓవెన్.

"దుంపలు మెదిపి, మధ్యలో చీజ్ పెట్టి, ఉండ చుట్టి నూనెలో వెయ్యాలి. ఆ పెట్టెలో పెడితే ఏమొస్తుంది, నా మొహం!" అంది పెద్దకోడలు.

"పైన చుక్క నూనె రాసి ఓవెన్‌లో పెడితే ఇంకా కరకరలాడతాయక్కా!"

అనడమైతే అంది కానీ, చిన్నకోడలికి లోపల గుబులే. ముందురోజు గుట్టుగా చేసి చూస్తే ఉండలు పాలిపోయి రాళ్ళలా వచ్చాయి. తన మొదటి జీతంతో కొన్న ఓవెన్ అది. అటకెక్కిందంటే ఆమెకు ముద్ద దిగదు.

ఓవెన్ ఉండేది వెనక వరండాలో. పెద్దకోడలు దాన్ని వంటింట్లోకి రానిస్తే కదా! ఇవాళ అదే కలిసొచ్చింది. చిన్నకోడలు ఉండల్ని బుట్టలో దాచుకుని పక్కింటి టీచరమ్మ పొయ్యి దగ్గరికి ఉడాయించింది. నిండా నూనె పోసి ఎర్రగా వేయించింది. టీచరమ్మ కబుర్ల నుంచి బయటపడేసరికి ముప్పావుగంట. ఓవెన్ వంకైనా చూడకుండా పిల్లిలా లోపలికొచ్చింది.

పెద్దకోడలు అప్పటికే పళ్ళెం సర్దుకుని కూర్చుంది. నుదుటి నిండా చెమట.

తీర్పరి మామగారు. కళ్ళకు తువ్వాలు కట్టుకున్నారు. ముందు చిన్నకోడలి ఉండ నోట్లో పెట్టుకున్నారు. ఆయన మొహం చిట్లించారు.

"ఇది పెట్టెలో కాల్చిందే. నూనె వాసన తగిలితే ఒట్టు!"

చిన్నకోడలికి దొంగకు తేలు కుట్టినట్టయింది.

రెండోది కరకర నమిలారు. "ఆహా! బాణలి దర్జాయే వేరు! ఇది నీదే కదూ, పెద్దమ్మాయ్?"

"ఇంకెవరిది మామయ్యా!" అంది పెద్దకోడలు, ఎక్కడో చూస్తూ.

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని లేచింది. "మాటంటే మాటే. ఇప్పుడే అటకెక్కించేస్తా."

"తొందరేముందే? రేపు ఎక్కిద్దువుగానిలే!"

"వద్దక్కా, నీ జాలి నాకక్కర్లేదు."

"చెబుతుంటే ఆగవేం!" పెద్దకోడలు వెనకాలే పరుగెత్తింది.

అప్పటికే చిన్నకోడలు రెండు చేతులూ ఓవెన్ మీద వేసి, "అమ్మో!" అని వెనక్కి లాక్కుంది.

పొద్దుటి నుంచి తను స్విచ్చయినా వెయ్యని ఓవెన్ ఇంకా సెగలు కక్కుతోంది.