కేక ముందు, రాయి తర్వాత

ధబ్‌మని మెత్తటి చప్పుడు. జాబితా రాసుకుంటున్న బేస్‌బాల్ కోచ్ తలెత్తకుండానే పెదవి విరిచాడు.

"దేవమణీ, నిరుడు నీ బంతి పడితే గ్లవ్వు చిట్లినట్టు మోగేది. ఇప్పుడు దూదిమూటేటమ్మా? రాష్ట్ర జట్టుకి ఇంకొక్క బంతే ఛాన్సు."

దేవమణికి ఎదురుగా కూర్చుని బంతి పట్టుకుంటున్న చెల్లెలు, మొహానికున్న ఇనుప ముసుగు పైకెత్తుకుని పరుగున వచ్చింది.

"అక్కా, నాకు తగులుతాదనేనా మెల్లగా ఇసురుతన్నావు?"

దేవమణి ఆమె కనుబొమ మీది మచ్చనే చూసింది. చోడిచేలో, అంటే రాగిచేలో, చిలకలను తోలేటప్పుడు, అవతలున్నవారి పేరు అరిచాకే వడిసెలతో రాయి విసరాలి. పోయిన పంటకు ఒక్కసారి అరవడం మరిచింది; రాయి చెల్లెలికి తగిలింది. ఆనాటి నుంచి చెల్లెలి పేరు ఆమె నోట రాలేదు.

"చెయ్యి రాదే, గుంటా."

"సెయ్యి కాదు, నోరు రాదు నీకు. పద, ఇంటికి పోదుం. చిలకలు మనకోసమే సూత్తన్నాయి."

కోచ్ ఈల వేశాడు. చెల్లెలు వెనక్కి వెళ్లి, ముసుగు దించి, గ్లవ్వు చాచి కూర్చుంది.

దేవమణి చేయి వెనక్కి వంగింది. ఈసారి బంతికన్నా ముందు కేక బయలుదేరింది.

"జాయ్!"