పైకప్పు చప్పుడు

"ఏం పండుగని పాయసం చేసినవ్?" బొగ్గుబాయి డ్యూటీ దిగి వచ్చిన ఉపేందర్ గిన్నె ముందుకు లాక్కున్నాడు.

"నా రొమ్ముల గడ్డ క్యాన్సర్ కాదట. నరం మీది పొరకు లేసిన గడ్డనట, పానానికి ఫికర్ లేదన్నది డాక్టరమ్మ," అంది యమున.

చెంచా ఆగింది. "గడ్డ ఎప్పుడొచ్చింది?"

రెండు నెలల్లో అతను తిండి గురించి కాకుండా అడిగిన మొదటి ప్రశ్న అది.

"బతుకమ్మ ముంగట."

"ఒక్కదానివే దవాఖానకు తిరిగినవా? నాకెందుకు చెప్పలే?"

"బాయిల పైకప్పు కర్రతోని కొట్టి, సప్పుడు విని, ఏడ కూలుతదో చెప్తవ్ గద. ఇంట్ల గూడ వింటవేమోనని చూసిన."

ఉపేందర్ చెంచా కింద పెట్టాడు. "ఇంకేమన్న దాచినవా?" అని మెల్లగా అడిగాడు.

యమున ఇంకో గరిటెడు పాయసం వడ్డించింది.

"చాన ఉన్నయ్. రేపు డ్యూటీకి నాగా పెట్టు."