చిలకకు నేర్పిందెవరు?

"నీ వల్ల కాదులే, ఇలా తే!"

పొద్దున్నే వరండాలో చిలక మొదలెట్టింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

తెల్లారితే డ్రైవింగ్ పరీక్ష. ముచ్చటగా మూడోసారి. మొదటిసారి బండి వెనక్కి తీస్తూ పాతిన కర్రను పడేసింది. రెండోసారి ఆ కర్ర దాకా పోనేలేదు, దారిలోనే ఇంజను ఆగిపోయింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. లైసెన్సు వస్తే, ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే పని ఆమెకే ఇస్తామన్నారు. రాత్రి డ్యూటీల పీడ వదులుతుంది. ఈసారి కూడా తప్పిందా, ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఇలాంటప్పుడు, కాఫీ గొంతు దిగకముందే చిలక ఇచ్చే దీవెన ఇదీ!

దాన్ని పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నారు. అప్పట్లో కీచుమనడం తప్ప దానికేమీ రాదు. అంటే ఈ ముక్క ఈ కొంపలోనే నేర్చుకుంది. ఎవరో దానికి వినబడేలా రోజూ అంటున్నారు. ఎవరో ఏమిటి, ఆమెకు తెలియదా? కూర కలుపుతుంటే పక్కకు జరిపి గరిటె అందుకునేది ఎవరు? అత్తగారు!

వారం వారం వెళ్ళే ఆత్మవిశ్వాసం క్లాసులో మాస్టారు కూడా అదే చెప్పారు. "మిమ్మల్ని వెనక్కి లాగే గొంతు ఒకటుంటుందమ్మా. ముందు అదెవరిదో కనిపెట్టండి. సగం గెలిచినట్టే." రోజూ అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అని పదిసార్లు అనుకోమన్నారు. ఆమె పదిసార్లూ అంటుంది. చిలక ఒక్కసారే అంటుంది. చిలకదే పైచేయి.

హాల్లో మొగుడు స్టూలెక్కి కర్టెన్ కడ్డీ బిగిస్తున్నాడు.

"విన్నారా? అచ్చం మీ అమ్మ గొంతే!"

అతను చేతిలో పని ఆపాడు. "అమ్మ గొంతా?"

"కాకపోతే? ఆ కీచు, ఆ విరుపు, ఆ విసుగు! వింటుంటే ఒళ్ళంతా కంపరం. ఇంట్లో ఉన్నదే నలుగురం. మీ గొంతు కాదు. పిల్లది అసలే కాదు. ఇక మిగిలిందెవరు?"

మొగుడు నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకుని కడ్డీ వైపు తిరిగాడు. అమ్మను ఒక్క మాట పడనివ్వడు కదా, మహానుభావుడు!

"అయ్యో, మర మరోవైపు తిప్పుతున్నారు. దిగండి" అని అతన్ని దింపి, స్టూలెక్కి ఆమే బిగించేసింది.

ఆ ఊపులోనే వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఆ చిలకకు ఏం నేర్పుతున్నారు?"

"నేనా?" అత్తగారు తెల్లబోయింది. "దాని ఈక గాలికి ఎగిరినా నాకు తుమ్ములే. ఆ వరండా గడప తొక్కి ఎన్నాళ్ళయిందో!"

"మరి ఎవరు నేర్పినట్టు?"

అత్తగారు ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. "పరీక్ష కానియ్యమ్మా, తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాలుగు మెతుకులు తిను" అంది.

తప్పించుకుంది! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

వరండాలో పంజరం కిందే చెప్పుల స్టాండు. ఏడేళ్ళ కూతురు అక్కడ కూర్చుని బూట్లతో కుస్తీ పడుతోంది.

"అమ్మా, ఇవాళ లేసు నేనే కట్టుకుంటానే!"

"ఇంకా నయం. స్కూలు బస్సు వచ్చేస్తుంది తల్లీ" అంటూ ఆమె అప్పటికే వంగి ముడి వేసేసింది. పిల్ల రెండో కాలు చాపింది.

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. కునుకు పడితే చాలు, కర్ర పడిపోవడం, చిలక అరవడం.

మర్నాడు మొగుడు పొద్దున్నే వాళ్ళమ్మను కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఇంట్లో తల్లీ కూతుళ్ళే మిగిలారు. పిల్ల ఎందుకో బూట్లు పట్టుకెళ్ళి గదిలో కూర్చుని తలుపు దగ్గరకు వేసుకుంది. ఆమె జడ వేసుకుని, అద్దం ముందు నిలబడి, "నేను చేయగలను" అని పదిసార్లు అంది. గుండె కాస్త నిమ్మళించింది. బండి తాళం తీసుకుని వరండాలోకి వచ్చింది.

చిలక మెడ ఒక పక్కకు వంచి ఆమెను ఎగాదిగా చూసింది.

"నీ వల్ల కాదులే, ఇలా తే!"

ఏడుపొచ్చినంత పనైంది. ఎంత కష్టపడి కూడగట్టుకున్న ధైర్యం! ఇక చాలు. ఈ దరిద్రాన్ని ఇప్పుడే పక్కింట్లో ఇచ్చేసి, ఆ తర్వాతే పరీక్షకు. అత్తగారు అలిగినా సరే, మొగుడు గొణిగినా సరే.

తిడితే ఉన్న కాస్త ఓపికా పోతుందని పళ్ళు బిగబట్టి, మాటా పలుకూ లేకుండా పంజరాన్ని కొక్కెం నుంచి దించింది. చిలక రెక్కలు టపటపా కొట్టుకుని, ఇల్లంతా మారుమోగేలా మరోసారి అరిచింది.

"నీ వల్ల కాదులే, ఇలా తే!"

గది తలుపు తెరుచుకుంది. సగం కట్టిన లేసును నేలమీద ఈడ్చుకుంటూ కూతురు తలొంచుకుని వచ్చి, "సరేలేమ్మా, ఇదిగో, నువ్వే కట్టు" అంటూ కాలు చాపింది.