గడి చిన్నదైనకొద్దీ

“మళ్లీ పెరిగింది సార్,” అంది నీలా, కంప్యూటర్ మీద నుంచి కళ్లు తిప్పకుండా.

దామోదర్ తల పట్టుకున్నాడు. సూర్యాపేటలో ఆయన పెట్టిన చిన్న కార్ఖానా నుంచి రైస్ మిల్లులకు మోటార్ కంట్రోల్ పెట్టెలు వెళ్తాయి. పెట్టె వేడెక్కకుండా అడుగున ఒక రాగి పలక, దాని లోపల నీళ్లు పారే గొట్టం. ఆ పలకను తెర మీద గళ్లుగా కోసి, ఏ గడి ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టడం నీలా పని. పెద్ద గళ్లతో కడితే ఎక్కడా నలభై నాలుగు డిగ్రీలు దాటలేదు. లెక్క ఇంకా కచ్చితంగా రావాలని గళ్లు చిన్నవి చేస్తే ఎడమ మూల తొంభై అయింది. ఇంకా చిన్నవి చేస్తే నూట ఇరవై!

“నూరు దాటితే పెట్టె పేలుతది సార్. మా అన్న దాని పక్కనే నిలబడతడు.”

నీలా అన్న జైరాం మిర్యాలగూడలో మిల్లు ఆపరేటర్. కొత్త రకం మొదటి పెట్టెను నిన్న సాయంత్రమే అక్కడ బిగించారు. మిగతావి కోదాడ వెళ్లే లారీలో ఎక్కించి, నీలా సంతకం కోసం ఆపారు.

“రేడియోల ఇయ్యాల ఎండ నలభై మూడు అన్నరు. మనిషికే మతి ఉంటలేదు, నీ కంప్యూటర్‌కు ఉంటదా?” విసుక్కున్నాడు దామోదర్. “పొద్దటి సంది ఆ మిల్లు నడుస్తనే ఉంటది. మీ అన్ననే అడుగుదాం పా.”

ఫోన్ కలిసింది. ఎప్పుడూ గొంతు చించుకునే జైరాం ఇవాళ పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించాడు. లైన్లు బాగుపడ్డాయని దామోదర్ మురిసిపోయాడు.

“జైరాం, పెట్టె కింద పలక ఉన్నది సూడు, దాని ఎడమ మూలకు థర్మామీటర్ పెట్టి చెప్పు.”

నీలా రిసీవర్‌కు చెవి ఆనించింది.

“నలభై మూడు సార్. చెయ్యి పెట్టినా కాలుతలేదు. ఇంకో ముచ్చట సార్...”

“చాలు తమ్మీ, మళ్ల మాట్లాడుదాం,” అని దామోదర్ ఫోన్ పెట్టేశాడు. “విన్నవా? పెద్ద గళ్ల లెక్కనే నిజం. సన్నగ కోసుకుంట పోయి లేని మంట పుట్టించినవ్.”

నీలాకు భయం పూర్తిగా పోలేదు. కానీ అన్న తన చేత్తో కొలిచి చెప్పిన అంకెను కాదనలేకపోయింది. చిన్న గళ్ల లెక్క చెరిపేసి, సంతకం పెట్టింది. లారీ కదిలింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఎత్తగానే చెవులు చిల్లులు పడే మోత.

“అన్నా, ఏం చప్పుడది? నువ్వు ఇందాక ఏం చెప్పబోయినవ్?”

జైరాం గొంతు చించుకుని అరిచాడు.

“గట్టిగ మాట్లాడు చెల్లె, పొద్దటి సంది లేని కరెంటు గిప్పుడే వచ్చింది!”